రెండణాల ఊదా రంగు, ఒక చక్రవర్తి

ఈ సంచికకి తలా ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితం రాయాలని మన క్లబ్‌లో అనుకున్నప్పుడు, కలాం గారినీ రామానుజన్‌నీ ట్యూరింగ్‌నీ మిగతావాళ్ళు ముందే పంచేసుకున్నారు. నేను ఐదో జార్జి అన్నాను. అందరూ నవ్వారు. మనల్ని పాలించినవాడి గురించి మనం ఎందుకు రాయాలని ఒక సీనియర్ అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. దానికి నా దగ్గర ఉన్న జవాబు ఒక బిస్కెట్ డబ్బా.

ఆ డబ్బా తెనాలిలో మా తాతయ్యది. అందులో పాత స్టాంపులు ఉంటాయి. చాలావాటి మీద ఒకే ముఖం: గడ్డం, మీసం, నెత్తిన కిరీటం, పక్కకి తిరిగిన చూపు. నేను ఇంగ్లీష్ మీడియంలో చదువుకున్నవాణ్ణి కాబట్టి ఆయన ఐదో జార్జి అని చిన్నప్పుడే తెలుసు. ఆయన స్టాంపులు సేకరించేవాడని మాత్రం మొన్నటిదాకా తెలీదు.

డబ్బాలో రెండణాల స్టాంపులు అరవై దాకా ఉన్నాయి. అన్నీ ఊదా రంగువే. కానీ అన్నీ ఒకే ఊదా కాదు. కొన్ని వంకాయ రంగు, కొన్ని నేరేడు పండు రంగు, కొన్ని ఉతికి ఉతికి వెలిసిన లంగా రంగు. తాతయ్య వాటిని మూడు అగ్గిపెట్టెల్లో విడదీసి, పైన పెన్సిల్‌తో పేర్లు రాసుకున్నారు. ఏ షేడ్ ఏ పెట్టెలోకి వెళ్ళాలో ఆయనకి తప్ప ఇంకెవరికీ తెలీదు.

మొదటి సంవత్సరం సెలవుల్లో నాకొక ఐడియా వచ్చింది. ఫోన్‌తో స్టాంపుని ఫోటో తీసి, పిక్సెల్ రంగుల సగటు లెక్కగట్టి, షేడ్ పేరు చెప్పే ప్రోగ్రామ్ రాద్దామని. రంగంటే మూడు సంఖ్యలే కదా: ఎరుపు, ఆకుపచ్చ, నీలం. రెండు రోజుల్లో రాసేశాను. తాతయ్యకి చూపించడానికి ఒకే స్టాంపుని ట్యూబ్‌లైట్ కింద ఒకసారి, కిటికీ దగ్గర ఒకసారి, రాత్రి ఫ్లాష్‌తో ఒకసారి ఫోటో తీశాను. మూడు ఫోటోలకి మూడు పేర్లు వచ్చాయి. ఒకసారైతే గోధుమ రంగు అంది. తాతయ్య ఏమీ అనలేదు. కళ్ళద్దాలు తుడుచుకుని ఆ స్టాంపుని మళ్ళీ అగ్గిపెట్టెలో పెట్టేశారు.

అప్పటి నుంచే ఈ మనిషి గురించి చదవడం మొదలుపెట్టాను. ఇదే సమస్యని జీవితమంతా బల్ల మీద పెట్టుకుని కూర్చున్న మనిషి ఎలా బతికాడో చూద్దామని.

జార్జి 1865 జూన్ 3న లండన్‌లో మార్ల్‌బరో హౌస్‌లో పుట్టాడు. విక్టోరియా రాణికి మనవడు. తండ్రి ఎడ్వర్డ్ యువరాజు, తల్లి డెన్మార్క్ నుంచి వచ్చిన అలెగ్జాండ్రా. అన్న ఆల్బర్ట్ విక్టర్ ఏడాదిన్నర లోపు పెద్దవాడు. సింహాసనం అన్నది. తమ్ముడికి మిగిలింది సముద్రం. 12 ఏళ్ళ వయసులో, 1877లో, అన్నతో పాటు బ్రిటానియా అనే శిక్షణ నౌకలో వేశారు. 1879 నుంచి 1882 దాకా ఇద్దరూ బ్యాకంటీ అనే ఓడ మీద ప్రపంచం తిరిగారు. జపాన్‌లో ఆగినప్పుడు చేతి మీద డ్రాగన్ పచ్చబొట్టు పొడిపించుకున్నాడట. రాజుల పిల్లలంటే నాకున్న బొమ్మ ఇక్కడే కొంచెం చెదిరింది. అప్పటికి వాడూ మన వయసువాడే, ఇంకా చిన్నవాడే.

చిన్నాన్న ఆల్‌ఫ్రెడ్ కూడా నౌకాదళంలో పెద్ద అధికారి. ఆయనకి స్టాంపుల పిచ్చి. జార్జికి ఆ అలవాటు ముదిరింది నౌకాదళంలో ఉన్న ఆ రోజుల్లోనే. తర్వాత ఆల్‌ఫ్రెడ్ సేకరణని అన్నగారైన ఎడ్వర్డ్ కొని కొడుక్కి ఇచ్చాడు. చిన్నాన్న ఆల్బమ్‌లు అలా అబ్బాయి ఆల్బమ్‌లలో కలిసిపోయాయి.

1892 జనవరిలో, ఫ్లూ జ్వరాలు విపరీతంగా ఉన్న చలికాలంలో, ఆల్బర్ట్ విక్టర్ న్యుమోనియాతో చనిపోయాడు. ఇంకా 28 ఏళ్ళే. ఆరు వారాల ముందే మేరీ అనే అమ్మాయితో పెళ్ళి నిశ్చయమైంది. నౌకాదళంలో కెప్టెన్ కావాలనుకున్న తమ్ముడు ఒక్క రోజులో కాబోయే రాజయ్యాడు. ఏడాదిన్నర తర్వాత, 1893 జులై 6న, అన్నకి నిశ్చయమైన ఆ మేరీనే పెళ్ళి చేసుకున్నాడు. పెద్దలు కుదిర్చిన పెళ్ళి చివరిదాకా గట్టిగానే నిలబడింది. ఆ పెళ్ళికి లండన్ ఫిలాటెలిక్ సొసైటీ వాళ్ళు స్టాంపుల ఆల్బమ్ బహుమతిగా ఇచ్చారు. 1896లో ఆయన ఆ సొసైటీకి అధ్యక్షుడయ్యాడు. పేరుకి కాదు, నిజంగానే పని చేశాడు.

ఆ పెళ్ళిలో ఇంకో సంగతి ఉంది. రష్యా నుంచి వచ్చిన కజిన్ నికోలస్ అచ్చం జార్జిలాగే ఉండేవాడు. వాళ్ళ తల్లులు సొంత అక్కచెల్లెళ్ళు. అదే గడ్డం, అదే ఎత్తు, అవే కళ్ళు. అతిథులు ఇతన్ని అతను అనుకుని పలకరించారు. ఇద్దరూ పక్కపక్కన నిలబడ్డ ఫోటో చూస్తే నాక్కూడా ఒక నిమిషం పట్టింది. ఈ కజిన్ దగ్గరికి మళ్ళీ వస్తాను.

జార్జికి స్టాంపుల్లో ఒక నియమం ఉండేది. ప్రపంచమంతా కాదు, బ్రిటన్‌వీ దాని సామ్రాజ్యానివీ మాత్రమే. 1904 జనవరిలో లండన్ వేలంలో మారిషస్ రెండు పెన్నీల నీలం స్టాంపు, 1847లో అచ్చయినది, అమ్మకానికి వచ్చింది. 1,450 పౌండ్లకి పాట ముగిసింది. ఒక్క స్టాంపుకి అంత ధర అప్పటిదాకా ఎవరూ పెట్టలేదు. మర్నాడు దర్బారులో ఎవరో, ఏ వెర్రివాడో ఒక కాగితం ముక్కకి అంత పోశాడట, విన్నారా అని యువరాజుని అడిగితే, ఆ వెర్రివాణ్ణి నేనే అని ఆయన చెప్పుకున్నాడని కథ. ఇది చెప్పినప్పుడు మా తాతయ్య పొట్ట పట్టుకుని నవ్వారు. అమ్మమ్మ నవ్వలేదు.

ఆయన రాజయ్యే ముందు రోజు జరిగింది నాకు అన్నిటికన్నా విచిత్రంగా అనిపించింది. తండ్రి ఏడో ఎడ్వర్డ్ కాలంలో రెండు పెన్నీల స్టాంపు ఆకుపచ్చ, ఎరుపు కలిపి రెండు రంగుల్లో వచ్చేది. రెండుసార్లు అచ్చు వెయ్యాలి, ఖర్చు. అందుకని ఒకే రంగులో కొత్తది తయారు చేశారు. ఆ రంగు పేరు టిరియన్ ప్లమ్. టైర్ అనేది లెబనాన్ తీరంలో పాత ఊరు. అక్కడ సముద్రపు నత్తల నుంచి తీసిన ఊదా రంగు ఒకప్పుడు రాజుల బట్టలకే వాడేవారు. కొత్త స్టాంపులు రెండు కోట్ల నలభై లక్షలు అచ్చయ్యాయి. 1910 మే 5న ఒకటి కవరు మీద అంటించి యువరాజు జార్జి పేరున పోస్టు చేశారు. అది మే 6న అందింది. ఆ రోజే తండ్రి చనిపోయాడు. రాజే లేనప్పుడు ఆ రాజు బొమ్మతో కొత్త స్టాంపు ఎందుకని విడుదల ఆపేసి, దాదాపు మొత్తం నాశనం చేశారు. పోస్టులో వెళ్ళిన టిరియన్ ప్లమ్ ప్రపంచంలో ఆ ఒక్కటే. అది ఇప్పటికీ రాజవంశం సేకరణలోనే ఉంది. తండ్రి పోయిన రోజు వచ్చిన కవరుని ఆయన చింపి పారెయ్యకుండా దాచుకున్నాడు. అందులో దుఃఖం ఎంతో, సేకరించేవాడి ఆత్రం ఎంతో విడదీసి చెప్పలేం అనుకుంటాను.

ఇక తన ముఖమే స్టాంపు మీదకి వచ్చింది. 1911 జూన్ 22న, పట్టాభిషేకం రోజునే మొదటివి విడుదలయ్యాయి. డౌనీ స్టూడియో తీసిన ఫోటో చూసి చెక్కిన బొమ్మ అది. ఎవరికీ నచ్చలేదు. పెన్నీ స్టాంపు మీద సింహం తిండి లేక చిక్కిపోయినట్టుందని జనం వెక్కిరించారు. ప్రపంచంలో స్టాంపుల గురించి అంత తెలిసిన రాజు ఇంకొకడు లేడు. ఆయన సొంత స్టాంపే బాగా రాలేదు. ఆ తర్వాత నుంచి డిజైన్లూ రంగు నమూనాలూ తన ముందుకి రావాల్సిందే అన్నంత పట్టుగా చూసుకున్నాడు.

అదే సంవత్సరం డిసెంబరు 12న ఢిల్లీ దర్బారు. భారత చక్రవర్తిగా తన దర్బారుకి స్వయంగా వచ్చిన బ్రిటిష్ రాజు ఆయనొక్కడే. రాజధాని కలకత్తా నుంచి ఢిల్లీకి మారుతుందని అక్కడే ప్రకటించాడు. బెంగాల్ విభజన రద్దూ అక్కడే. మన తపాలా మీద ఆయన ముఖం మొదలైంది కూడా ఆ ఏడాదే. అవి 1925 దాకా లండన్‌లో డె లా ర్యూ కంపెనీలో అచ్చయి ఓడల్లో వచ్చేవి. 1926 నుంచి నాసిక్‌లో మన దగ్గరే అచ్చయ్యాయి. తాతయ్య డబ్బాలోవి ఈ రెండు రకాలూ.

ఇక్కడ కాసేపు ఆగి, ఒకే స్టాంపుకి అన్ని ఛాయలు ఎందుకొస్తాయో చెప్పాలి. నా ప్రోగ్రామ్ ఎందుకు ఓడిపోయిందో కూడా.

మొదటిది, అచ్చు. పదిహేనేళ్ళ పాటు ఒకే స్టాంపు అచ్చు వేస్తారు. సిరా ఎప్పటికప్పుడు కలుపుతారు. ఇవాళ కలిపిన కూరలో ఉప్పు నిన్నటి కూరలో ఉప్పుతో సరిగ్గా సమానంగా ఉండదు కదా, అంతే. కాగితం మారుతుంది, అచ్చు ఒత్తిడి మారుతుంది. రెండోది, స్టాంపు బతుకు. ఎండకి రంగు వెలుస్తుంది. కొన్ని నారింజ, ఎరుపు సిరాలు గాలిలోని గంధకం తగిలి గోధుమ రంగుకి, నలుపుకి తిరుగుతాయి. డె లా ర్యూ వాళ్ళు సామ్రాజ్యం స్టాంపులకి చాలావాటికి కావాలనే నీళ్ళకి కరిగే ఊదా, ఆకుపచ్చ సిరాలు వాడేవారు. ఎవరైనా ముద్ర కడిగేసి స్టాంపు మళ్ళీ వాడదామంటే స్టాంపే కరిగిపోవాలని. కవరు మీద నుంచి ఊడదీయడానికి నీళ్ళల్లో నానబెట్టేవాళ్ళకి ఇది శాపం. పొద్దున ఊదా, సాయంత్రానికి బూడిద.

మూడోది, వెలుతురు. దీనికి అమ్మ ఉదాహరణ చాలు. చీరకి మ్యాచింగ్ జాకెట్ ముక్క కొనేటప్పుడు అమ్మ ముక్కనీ చీరనీ పట్టుకుని షాపు బయటికి వస్తుంది. లోపల లైట్ల కింద రెండూ ఒకటే. బయట ఎండలో అక్కాచెల్లెళ్ళలా ఉంటాయి కానీ కవలలు కావు. స్టాంపులదీ అదే కథ. ఫోన్ ఇంకా మోసం చేస్తుంది. తెలుపు తెల్లగా కనపడాలని రంగుల్ని తనంతట తనే సర్దేస్తుంది. నాకు వచ్చిన మూడు సంఖ్యల్లో సిరా ఎంత, దీపం ఎంత, కెమెరా ఎంత? ఒక సమీకరణం, మూడు తెలియనివి. మొదటి సెమిస్టర్ లెక్కల్లోనే చెప్పారు ఇది సాల్వ్ అవ్వదని.

నాలుగోది, పేర్లు. ఒక కేటలాగు లేత ఊదా అన్నదాన్ని ఇంకో కేటలాగు ఇంకోటి అంటుంది. స్టాన్లీ గిబ్బన్స్ కంపెనీ 200 రంగుల పట్టీ ఒకటి అచ్చు వేసింది. చీటీ మధ్య రంధ్రంలోంచి స్టాంపుని చూసి పోల్చుకోవాలి. అది కూడా సాయమే తప్ప తీర్పు కాదు. అనుభవం ఉన్నవాళ్ళు చేసే పని వేరు. ముందు వెనక్కి తిప్పి వాటర్‌మార్క్ చూస్తారు. కాగితం చూస్తారు, పోస్టు ముద్రలో తారీఖు చూస్తారు. అచ్చు ఎప్పటిదో తేలాక, ఆ కాలానిదే అని ఖాయంగా తెలిసిన ఇంకో స్టాంపుని పక్కన పెట్టి, పగటి వెలుతురులో చూస్తారు. అంతే. ఒంటరి స్టాంపుకి ఛాయ ఉండదు, పక్కన ఇంకోటి ఉంటేనే ఉంటుంది.

జార్జి బల్ల మీద ఆ పక్కన పెట్టుకునే స్టాంపులన్నీ ఉండేవి. లండన్‌లో ఉన్నప్పుడు వారంలో కొన్ని మధ్యాహ్నాలు రాజ్యం పనులు పక్కన పెట్టి ఆల్బమ్‌ల ముందు కూర్చునేవాడు. పక్కన ఎడ్వర్డ్ బేకన్ అనే నిపుణుడు. 1913 నుంచి రాజుగారి సేకరణ చూసుకున్నది ఆయనే. చక్రవర్తి అయినా రంగు దగ్గర ఇంకొకరి కళ్ళు కావాల్సి వచ్చింది. చివరికి ఆ సేకరణ 328 ఎర్ర ఆల్బమ్‌లయింది.

1914లో యుద్ధం వచ్చింది. అప్పటిదాకా బ్రిటన్ మిల్లులు వాడే కృత్రిమ రంగుల్లో చాలా భాగం జర్మనీవే. ఆ దారి మూసుకుపోయింది. అచ్చు వేసేవాళ్ళు దొరికిన వాటితో సర్దుకున్నారు. యుద్ధకాలపు బ్రిటన్ స్టాంపుల్లో అన్ని ఛాయలు ఉండటానికి ఇదో కారణంగా చెప్తారు. సీహార్స్ అని పిలిచే పెద్ద విలువల స్టాంపులుంటాయి, సముద్రపు గుర్రాలు లాగే రథం మీద బ్రిటానియా బొమ్మతో. వాటిని 1913లో వాటర్‌లో కంపెనీ, 1915 చివరి నుంచి డె లా ర్యూ, 1918 నుంచి బ్రాడ్‌బరీ విల్కిన్సన్ అచ్చు వేశాయి. బొమ్మ ఒకటే. ఎవరు అచ్చు వేశారో చెప్పడానికి గోధుమ రంగులో, నీలంలో చిన్న తేడాలు కూడా ఒక ఆధారం. ఆ తేడా మీద ధర రెట్లలో మారిపోతుంది.

రంగులే కాదు, రాజుగారి ఇంటిపేరు కూడా జర్మనీదే: సాక్స్ కోబర్గ్ గోథా. జనంలో కోపం పెరిగింది. 1917 జులై 17న ఆయన ఇంటిపేరు విండ్సర్ అని మార్చుకున్నాడు. అదే సంవత్సరం వసంతంలో రష్యాలో విప్లవం వచ్చి నికోలస్ సింహాసనం దిగాడు. బ్రిటన్ ప్రభుత్వం మొదట ఆశ్రయం ఇస్తామంది. వద్దని వెనక్కి లాగింది జార్జే, తన కార్యదర్శి చేత ఉత్తరాల మీద ఉత్తరాలు రాయించి. కజిన్ వస్తే తన సింహాసనానికే ముప్పని భయపడ్డాడు. 1918 జులై 16 రాత్రి దాటాక, అంటే ఇంటిపేరు మార్చుకున్న సరిగ్గా ఏడాదికి, నికోలస్‌నీ భార్యనీ ఐదుగురు పిల్లల్నీ ఎకాటెరిన్‌బర్గ్‌లో కాల్చేశారు.

ఈ భాగం చదివాక రెండు రోజులు ఏమీ రాయలేకపోయాను. రెండు గోధుమ రంగుల మధ్య వెంట్రుకవాసి తేడా పట్టుకోగల కళ్ళు ఆయనవి. తనలాగే ఉన్న మనిషిని మాత్రం దూరం పెట్టాడు. నేను ఆయన్ని తిట్టడానికి రాయట్లేదు, పొగడటానికీ కాదు. ఉన్నది చెప్తున్నాను.

మన వైపు నుంచి చూసినా అంతే. ఆయన చక్రవర్తిగా ఉన్నప్పుడే 1919లో జలియన్‌వాలా బాగ్ జరిగింది. 1922లో మన ఒక అణా స్టాంపు ఎర్ర రంగు నుంచి చాక్లెట్ రంగుకి మారింది. అదే ఆగస్టులో అల్లూరి సీతారామరాజు మన్యంలో పోలీస్ స్టేషన్ల మీద దాడులు మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో విశాఖపట్నం నుంచి మద్రాసుకి వెళ్ళిన కవర్ల మీద అతికింది ఈ ముఖమే. తాతయ్య డబ్బాలో చాక్లెట్ అణాలు చాలా ఉన్నాయి. లండన్‌వీ నాసిక్‌వీ రంగు చూసి విడదియ్యడం కష్టం. కానీ వెలుతురుకి ఎత్తి చూస్తే లండన్‌దానికి కాగితంలో ఒక్క నక్షత్రం, నాసిక్‌దానికి చాలా నక్షత్రాలు. రంగు అబద్ధం చెప్పినా కాగితం నిజం చెప్తుంది.

1928 చివర్లో ఆయనకి ఊపిరితిత్తుల జబ్బు ప్రాణం మీదకి వచ్చింది. తేరుకున్నాడు కానీ మునుపటి మనిషి కాలేదు. 1935 మే 6న పాలనకి 25 ఏళ్ళు, రజతోత్సవం. మన దేశంలో ఏడు స్టాంపులు వచ్చాయి. గేట్‌వే ఆఫ్ ఇండియా, తాజ్ మహల్, అమృత్‌సర్ స్వర్ణ దేవాలయం, అప్పట్లో మనతోనే ఉన్న బర్మాలోని మాండలే పగోడా వాటిలో ఉన్నాయి. ఒక అణా స్టాంపు మీద రామేశ్వరం గుడి.

బ్రిటన్‌లో నాలుగు వచ్చాయి. వాటిలో రెండున్నర పెన్నీలది అల్ట్రామెరైన్ నీలం. జూన్ చివర్లో నాలుగు షీట్లు వేరే నీలంలో, ప్రష్యన్ బ్లూలో, పొరపాటున స్టోర్ నుంచి బయటికి వెళ్ళాయి. షీటుకి 120 స్టాంపులు. మూడు షీట్లు లండన్‌లో అప్పర్ ఎడ్మంటన్ అనే పేటలో ఒక చిన్న పోస్టాఫీసులో మామూలుగా అమ్ముడుపోయాయి. కొన్నవాళ్ళలో కొందరు నాలుకతో తడిపి కవర్లకి అంటించి పంపేసి ఉంటారు. ఇవాళ ఒక్కోటి వేల పౌండ్లు. ఇప్పుడు మామూలు నీలం కొంచెం ముదురుగా ఉన్న ప్రతివాడూ తనది ప్రష్యన్ బ్లూ అనుకుంటాడు. నిపుణుల సర్టిఫికెట్ లేకుండా ఎవరూ నమ్మరు. జీవితమంతా ఛాయల మధ్య కూర్చున్న రాజు రజతోత్సవానికే ప్రపంచంలో పేరున్న షేడ్ పొరపాట్లలో ఒకటి జరిగింది.

1936 జనవరి 20 రాత్రి, సాండ్రింగ్‌హామ్ ఇంట్లో, 70 ఏళ్ళ వయసులో ఐదో జార్జి చనిపోయాడు. ఎర్ర ఆల్బమ్‌లు అక్కడితో మూసేశారు. ఆయన కొడుకు ఆరో జార్జి సేకరణ నీలం ఆల్బమ్‌లలో, మనవరాలు ఎలిజబెత్‌ది ఆకుపచ్చ ఆల్బమ్‌లలో సాగింది.

ఇప్పుడు డబ్బా దగ్గరికి మళ్ళీ వస్తాను.

తాతయ్యకి ఒక స్నేహితుడు ఉండేవారు. పోస్టాఫీసులో పని చేసి రిటైరై బాపట్లలో స్థిరపడ్డారు. ఇద్దరిదీ ముప్పై ఏళ్ళ స్నేహం, సగం స్టాంపుల మీదే. ఏడేళ్ళ క్రితం ఆయన ఒక రెండణాల స్టాంపు ఇచ్చారు. ఇది మామూలు ఊదా కాదు, అరుదైన ఛాయ అని చెప్పారు. బదులుగా తాతయ్య రజతోత్సవం స్టాంపులు ఏడూ ఇచ్చేశారు, రామేశ్వరంతో సహా. ఇంటికొచ్చి తన వాటి పక్కన పెట్టి చూస్తే తేడా ఏమీ కనపడలేదు. మోసం చేశావని ఫోన్లో అనేశారు. ఆయన కాదన్నారు. మాట మాట పెరిగింది. అప్పటి నుంచి మా ఇళ్ళల్లో పెళ్ళిళ్ళకి కూడా ఒకరినొకరు పిలుచుకోలేదు.

పోయిన మే నెలలో తాతయ్యకి శుక్లాల ఆపరేషన్ అయింది. ముందు కుడి కన్ను. కట్టు విప్పాక ఆయన మొదట అడిగింది, గోడకి సున్నం ఎప్పుడు వేయించారని. ఎవరూ వేయించలేదు. ఏళ్ళ తరబడి ఆయన మీగడ రంగు అనుకున్న గోడ తెల్లటి గోడే. ఆపరేషన్ చేసిన కన్ను మూస్తే మీగడ, తెరిస్తే తెలుపు. డాక్టరు గారు చెప్పారు, శుక్లం పసుపు పచ్చని అద్దంలా అడ్డుపడి నీలాన్నీ ఊదానీ ఎక్కువగా మింగేస్తుందని.

తాతయ్య కాసేపు మాట్లాడలేదు. తర్వాత డబ్బా తెమ్మన్నారు. పొద్దున తొమ్మిదింటికి, వరండాలో, ఎండ నేరుగా పడని చోట, తెల్ల కాగితం మీద మూడు అగ్గిపెట్టెలూ ఖాళీ చేశాం. స్నేహితుడిచ్చిన స్టాంపుని మధ్యలో పెట్టి మిగతావి ఒక్కొక్కటే దాని పక్కకి జరిపాం. నాకు కూడా కనిపించింది. అరవైలో దానిలాంటిది ఇంకోటి లేదు. మిగతావి వంకాయ వైపు ఉంటే ఇది నీలం వైపు ఉంది, శంఖుపువ్వు ఆరిపోయినట్టు. తాతయ్య ఒక కన్ను మూసి చూశారు, ఇంకో కన్ను మూసి చూశారు. రెండుసార్లు అలా చేసి, ఇంక చూడటం మానేశారు.

ఆ సాయంత్రం ఉత్తరం రాశారు. ఫోన్ చెయ్యమంటే వద్దన్నారు. తిట్టింది ఫోన్లోనే కాబట్టి ఇది కాగితం మీద ఉండాలన్నారు. పోస్టు డబ్బాలో వేసింది నేనే. ఏం రాశారో చదవలేదు. నా తెలుగు చదివే స్పీడ్‌కి ఆయన చేతిరాత ఒక పట్టాన అందదు కూడా.

తొమ్మిది రోజులకి బాపట్ల నుంచి కార్డు వచ్చింది. అది తాతయ్యే చదివి వినిపించారు. అవతల తాతయ్య కళ్ళకి కూడా ఇప్పుడు శుక్లాలట, ఆపరేషన్ దసరా తర్వాతట. ఇప్పుడైతే ఆ స్టాంపు ఏ రంగో తనకీ తెలీదని, ఎవరిది తప్పో తేలాలంటే తన కళ్ళు కూడా బాగయ్యాక డబ్బా తీసుకుని రమ్మని రాశారు. రామేశ్వరం స్టాంపు భద్రంగానే ఉందని చివర్లో ఒక లైను.

దసరా సెలవుల తర్వాత తాతయ్యని బాపట్ల తీసుకెళ్ళే డ్యూటీ నాది. ప్రోగ్రామ్‌ని ఇంకా డిలీట్ చెయ్యలేదు. ఇప్పుడది పేర్లు చెప్పదు. ఒకే వెలుతురులో పక్కపక్కన పెట్టి తీసిన రెండు స్టాంపుల్లో ఏది నీలం వైపు ఉందో మాత్రం చెప్తుంది. ఆ ఒక్క పని కొంచెం బాగానే చేస్తోంది. అయినా బాపట్లలో ఫోన్ జేబులోంచి తియ్యనని తాతయ్యకి మాటిచ్చాను.